ముక్కు మినహా

తెలుగు భాషలోని మాటలన్నిటిలోకీ నాకు బాగా అన్నం పెట్టిన మాట ప్రమాదం. రోడ్డు మీద గుంట ఉంటే ప్రమాదం. అందులో పడి కాలు విరిగితే అదీ ప్రమాదమే. పడబోయి పడకపోతే ప్రమాదం తప్పింది అంటాం. జరగబోయేదానికీ, జరిగినదానికీ, జరగనిదానికీ ఒకే మాట సరిపెట్టుకునే భాషలో ప్రమాదాల లెక్క తేల్చే ఉద్యోగం దొరకడం పూర్వజన్మ సుకృతం. ఆ సుకృతం నాది. నా పేరు కోదండపాణి, హోదా ఉప సంచాలకుడు, వర్గీకరణ. పనిచేసేది రాష్ట్ర గగనయాన భద్రతా శాఖలో, బెజవాడలో.

ఆకాశం కేంద్రానిది కదా, రాష్ట్రానికి ఇలాంటి శాఖ ఎక్కడి నుంచి వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. శాసనసభలో కూడా వచ్చింది. దానికి మా సంచాలకులు ప్రభంజనరావు గారు రాసి పంపిన జవాబు ఇప్పటికీ మా వరండాలో ఎడమ గోడ మీద పటం కట్టి ఉంది. "ఆకాశం కేంద్రానిదే. కింద పడితే నేల రాష్ట్రానిది." ఆ తర్వాత ఎవరూ ప్రశ్నించలేదు.

మా పని విమానాలు నడపడం కాదు, బాగుచేయడం కాదు, ఆపడం అసలే కాదు. ఏదైనా జరిగినప్పుడు దానికి పేరు పెట్టడం. పసిపిల్లకు బారసాల చేసినట్టు జరిగిన ప్రతిదానికీ మేం నామకరణం చేస్తాం. ప్రమాదం అని పేరు పెడితే విమానాలు ఆపాలి, దర్యాప్తు జరపాలి, మంత్రిగారు విచారం వ్యక్తం చేయాలి. తీవ్ర సంఘటన అంటే దర్యాప్తు చాలు, విచారం అక్కర్లేదు. ఉత్త సంఘటన అంటే ఫైలు చాలు. నేను వచ్చాక దీని కింద ఇంకో రెండు మెట్లు కట్టించాను. ఒకటి విశేషం, రెండోది ముచ్చట. విమానం రన్‌వే దాటి పక్కనున్న మినప చేలోకి పోతే విశేషం. పోయినది దానంతటది వెనక్కి వస్తే ముచ్చట.

మా ఆవిడ వకుళ మునిసిపల్ హైస్కూల్లో తెలుగు పండితురాలు. ఒకరోజు పొద్దున ఇడ్లీలు తింటూ ఈ ప్రమాదం అనే మాట గొప్పతనం మీద ఆమెకు ఉపన్యాసం ఇచ్చాను. ఆమె అంతా విని, "ఆ మాటకి మూడో అర్థం కూడా ఉందండీ. అసలు అర్థం అదే," అంది. ఇంతలో బయట ఆఫీసు కారు హారన్ కొట్టింది. రెండు అర్థాలతోనే ఉప సంచాలకుణ్ణి అయ్యాను, మూడోది రిటైరయ్యాక తీరిగ్గా తెలుసుకుంటానని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాను.

ప్రమాదం అంటే ఏమిటో మా నిబంధనావళిలో స్పష్టంగానే ఉంది. ఎవరైనా చనిపోవాలి, లేదా విమానం బాగా దెబ్బతినాలి, లేదా ఎవరికైనా తీవ్రగాయం కావాలి. తీవ్రగాయం అంటే ఎముక విరగడం. అయితే ఏ ఎముక పడితే ఆ ఎముక కాదు. "చేతివేళ్ళు, కాలివేళ్ళు, ముక్కు మినహా" అని ఉంది. ఈ వాక్యం నేను రాసింది కాదు. ఎవరో పెద్దలు ఎప్పుడో రాశారు. నాకంటే ముందు పనిచేసినవాళ్ళు ఎన్నో ఏళ్ళు దీన్ని చదివారు, చదివి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు.

అప్పట్లో శకుంత విమానయాన సంస్థ వారి విమానమొకటి టిఫిన్లు తెచ్చే బండిని గుద్దింది. ఉప్మా నేలపాలైంది, విమానం ముక్కు సొట్టపోయింది. దానికి ఏం పేరు పెట్టాలో తోచక ఆఫీసంతా తలపట్టుకు కూర్చుంది. నేను ప్రభంజనరావు గారి గదిలోకి వెళ్ళి, మనిషి ముక్కు విరిగితేనే లెక్కలోకి రానప్పుడు విమానం ముక్కు మాత్రం ఎందుకు రావాలి అని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కుర్చీలోంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"పాణి గారూ, ఇది వ్యాఖ్యానం కాదు. దర్శనం," అన్నారు.

ఆ సాయంత్రానికల్లా నా బల్ల మీదికి "ముక్కు మినహా" అనే రబ్బరు స్టాంపు వచ్చింది. కానీ విమానానికి ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్న మిగిలిపోయింది. దాని మీద ఉపసంఘం వేశాం. పైలట్లు కూర్చునే గది ముక్కులోకే వస్తుందని మొదటి సమావేశంలో తేల్చాం. ముందు చక్రం మీసం ఉండాల్సిన చోట ఉన్నా, ముక్కును ఆనుకునే ఉంది కాబట్టి ముక్కే అన్నాం. రెక్కల చివర్లు చేతివేళ్ళు అని, తోక కొస కాలివేళ్ళు అని టీ తాగాక తీర్మానించాం. ఏడాది తిరిగేసరికి మా రాష్ట్రంలో విమానానికి శరీరమంటూ మిగిలింది ఒక్క కడుపే. దానికి ఏ ఇబ్బందీ రాలేదు.

ఇంకో చిక్కు ఉండేది. ఎముక విరక్కపోయినా సరే, రెండు రోజులకు మించి ఆసుపత్రిలో పడుకుంటే అది కూడా తీవ్రగాయమే అని నిబంధన. దీనికి నేను పరామర్శ బృందాన్ని ఏర్పాటు చేశాను. పరామర్శ మనకు కొత్త కాదు. ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే బత్తాయిలు పట్టుకుపోతాం, పక్కన కూర్చుంటాం, మా తోడల్లుడికీ ఇట్లాగే మొదలై పోయాడండీ అని ధైర్యం చెప్పి వస్తాం. ఈ ఆచారానికి ప్రభుత్వ రూపం ఇచ్చిన ఘనత నాది.

బృందానికి నాయకుడు మా సీనియర్ అసిస్టెంటు ఏసుపాదం. మెత్తటి మాట, చల్లటి నవ్వు, చూడగానే నమ్మబుద్ధేసే మనిషి. గడువు దాటకముందే రోగిని ఇంటికి చేర్చడం అతని పని. ఎట్లా చేర్చాలో నేనే నేర్పించాను. మొదట బత్తాయిలు ఇవ్వాలి. తర్వాత ఆసుపత్రి సాంబారు చూసి నిట్టూర్చాలి. తర్వాత, ఇక్కడుంటే లేని జబ్బులు అంటుకుంటాయండీ అని చెవిలో వెయ్యాలి. అప్పటికీ లొంగకపోతే ఇంట్లో ఆడవాళ్ళను మన కారులోనే తీసుకురావాలి. నాలుగో మెట్టు దాటిన రోగి అప్పటిదాకా ఒక్కడూ లేడు.

ఈ విధంగా మా రాష్ట్రం ప్రమాదరహితంగా వెలిగిపోతుండగా ఒకరోజు కెప్టెన్ నూర్జహాన్ ఆఫీసుకు వచ్చింది. తెనాలి అమ్మాయి, శకుంత సంస్థలో పైలట్. దిగేటప్పుడు తన విమానం ముందు చక్రం వణుకుతోందని అంతకుముందే చాలాసార్లు రాసి పంపింది. పంపిన ప్రతిసారీ నేను స్టాంపు వేసి తిప్పి పంపాను. ఇక లాభం లేదని మనిషే వచ్చేసింది. కుర్చీ వేయించాను, టీ చెప్పాను. చక్రం నేలకు ఆనగానే వణుకు మొదలవుతుందట, విమానం చేతిలో నిలవదట, కంపెనీ వాళ్ళను అడిగితే మీ శాఖ ప్రమాదం అననిదే విమానం ఆపడం కుదరదంటున్నారట.

"విరిగిందా అమ్మా?" అని అడిగాను.

"ఇంకా లేదు సార్."

"మరి విరిగాక రామ్మా."

"విరిగితే ఏం చేస్తారు సార్?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. కాస్త ఆలోచించి, "విరిగినా అది ముక్కే కదమ్మా," అన్నాను.

ఆమె టీ ముట్టుకోలేదు. లేచి నిలబడి, మీరెప్పుడైనా మా విమానం ఎక్కారా సార్ అని అడిగింది. లేదన్నాను. నేనెప్పుడూ రైల్లోనే తిరుగుతాను. మా ఆఫీసుకు వచ్చే కాగితాలు ఒకసారి చదివినవాడెవడూ విమానం ఎక్కడు. నేను పూర్తిగా చదివేవాణ్ణి కాదు, అయినా ఎందుకొచ్చిన గొడవని రైలే ఎక్కేవాణ్ణి.

తర్వాత కొన్నాళ్ళకే మా శాఖకు ప్రమాదరహిత పురస్కారం ప్రకటించారు. విశాఖలో సభ, నాకు శాలువా, జ్ఞాపిక, పది నిమిషాల ప్రసంగం. మామూలు ప్రకారం రైలు టిక్కెట్టు తీయించబోతే ప్రభంజనరావు గారు మందలించారు. విమాన భద్రతకు సన్మానం పొందబోయే అధికారి రైలు దిగి వస్తే ప్రజలకు ఎటువంటి సంకేతం వెళుతుందని అడిగారు. కాబట్టి నన్ను విమానంలో వెళ్ళమన్నారు. ఆయన మాత్రం రోడ్ల పరిస్థితి పరిశీలించాలని కారులో బయలుదేరారు.

సాయంత్రం విమానం. ఎక్కబోతుంటే తలుపు దగ్గర నూర్జహాన్ నిలబడి ఉంది. "రండి సార్," అంది. అంతే, ఇంకేమీ అనలేదు. నాలుగు మాటలు అని ఉంటే నాకు ప్రాణం కాస్త కుదుటపడేది.

మనవాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. విమానం చక్రాలు నేలను తాకాయో లేదో, బస్టాండులో బస్సు ఆగినట్టు అందరూ లేచి పైనున్న సంచులు దించుకుంటారు. ఈ దురలవాటు మీద నేను సర్క్యులర్ల మీద సర్క్యులర్లు జారీ చేశాను. ఆ రోజు అందరికంటే ముందు లేచినవాణ్ణి నేనే. నా ప్రసంగం పైన సంచిలో ఉండిపోయింది, దిగేలోపల ఇంకోసారి చూసుకుందామనుకున్నాను.

సంచి తీసి, కాగితాలు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కాళ్ళ కింద వణుకు మొదలైంది. కుర్చీల వెనకనున్న చిన్న బల్లలన్నీ గడగడలాడాయి. ఆ అమ్మాయి చెప్పింది ఇదా అనుకునేలోపల ఏదో ఫెళ్ళుమంది. విమానం ముందుకు వంగి దండం పెట్టింది. నేనూ వంగాను. ముందు సీటు తలకట్టుకు నా ముక్కు తగిలి, లోపల ఎక్కడో అప్పడం విరిగినట్టు వినబడింది.

పొగ కమ్మింది. రబ్బరు కాలిన వాసన. పిల్లలు ఏడుస్తున్నారు. అన్నీ వదిలేసి తలుపుల దగ్గరకు రండి, ఒకరి తర్వాత ఒకరు జారండి అని మైకులో నూర్జహాన్ గొంతు వినిపిస్తోంది. జనం బుద్ధిమంతులు, జారారు. భద్రతా శాఖ ఉప సంచాలకుడు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని ప్రసంగం కాగితాలు ఏరుకుంటున్నాడు. రెండో పేజీ దొరకలేదు. మంత్రిగారికి కృతజ్ఞతలు ఉన్నది ఆ పేజీలోనే. అప్పుడు పొగలోంచి ఒక చెయ్యి వచ్చి నా చొక్కా కాలరు పట్టుకుంది.

"లేవండి సార్, చచ్చిపోతారు," అంది నూర్జహాన్.

నన్ను తలుపు దాకా ఈడ్చుకొచ్చి కిందికి తోసింది. లోపల ఇంకెవరూ లేరని చూసుకుని అందరి వెనకా తను దిగింది. మేం దూరంగా పరిగెత్తాక వెనక్కి తిరిగి చూస్తే విమానం ముందు భాగం భగ్గుమని మండుతోంది. నేను కాగితాలు ఏరుకున్న చోటు కూడా ఆ మంటలోనే ఉంది. 

ఒక్క ప్రాణం పోలేదు. మనుషుల్లో విరిగింది నా ముక్కు ఒక్కటే. మా శాఖ లెక్కలో, విమానంలో కాలింది దాని ముక్కు ఒక్కటే.

ఆసుపత్రిలో నా ముక్కు చూసినాయన డాక్టర్ సన్యాసినాయుడు, ఆ ఊరివాడే. ముక్కులో దూది కుక్కి, మొహానికి అడ్డంగా కట్టు కట్టి పడుకోబెట్టాడు. కాసేపటికే ప్రభంజనరావు గారి ఫోను. ఆసుపత్రి వాసన ఆయనకు పడదు, అందుకని రాలేదు. శరీరంలో విరగ్గొట్టుకోవడానికి ఇన్ని ఎముకలు ఉండగా, అంతటి గందరగోళంలో కూడా ముక్కునే ఎంచుకున్నందుకు శాఖ నాకు ఋణపడి ఉందన్నారు. జరిగినదానికి ముచ్చట అని పేరు పెట్టేశామని, మర్నాటి సభలో నా శాలువా తనే కప్పుకుంటారని చెప్పారు. నాకూ అదే సబబనిపించింది. ఇంకొకరికి జరిగి ఉంటే నేనూ ముచ్చట అనే రాసేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే నూర్జహాన్ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మీ ముక్కు ఎట్లా ఉంది సార్ అని అడిగింది. బాగానే ఉందమ్మా అన్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని కాసేపు తన అరచేతులు చూసుకుంది.

"ముచ్చట అని తేల్చారంట సార్. ముచ్చటకి ఎవరైనా తలుపులు తీసి జనాన్ని దూకిస్తారా అని నన్ను అడుగుతున్నారు," అంది.

మా శాఖ తర్కం నాకు తెలుసు. ఏమీ జరగనప్పుడు అత్యవసరం లేదు. అత్యవసరం లేనప్పుడు ప్రయాణికులను దూకించడం నేరం. భయాందోళనలు రేకెత్తించుట, జారుడుబల్లలు వృథా చేయుట, ఒక ఉప సంచాలకుణ్ణి కాలరు పట్టి ఈడ్చుట అని మూడు ఆరోపణలు పెట్టారట. సోమవారం లైసెన్సు రద్దు. విమానం నడపడం తప్ప తనకు ఇంకో పని రాదని, తెనాలిలో వాళ్ళ నాన్నకు ఇంకా చెప్పలేదని అంది. ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు.

"నా సంగతి పోనీండి సార్. అవే చక్రాలతో ఇంకా విమానాలు తిరుగుతున్నాయి. రేపు వాటిలో పొగొస్తే, నాకు పట్టిన గతి చూసినవాళ్ళు తలుపు తియ్యడానికి ఆలోచిస్తారు. ఆ కాస్త ఆలోచిస్తే చాలు సార్, జనం పోతారు."

ఆమె నన్ను ఏమీ అడగలేదు, వెళ్ళిపోయింది. ముక్కు బాగానే ఉందని అన్నందుకు నాకు సిగ్గేసింది. నేను బాగుండటమే ఆ పిల్ల కొంప ముంచుతోంది. నిబంధనావళి మొత్తం మనసులో తిరగేశాను. నా ముక్కు ఆమెకు ఎందుకూ కొరగాదు. కానీ నేను పడుకున్న మంచం పనికొస్తుంది. ఈ రోజూ, రేపు సాయంత్రం దాటేదాకానూ నేను ఆ మంచం దిగకపోతే అది తీవ్రగాయం. తీవ్రగాయమైతే ప్రమాదం. ప్రమాదమైతే ఆ అమ్మాయి జనాన్ని కాపాడిన మనిషి. జీవితంలో మొదటిసారి పడుకునే ఒక మంచిపని చేసే అవకాశం వచ్చింది.

మధ్యాహ్నానికి ఏసుపాదం బత్తాయిల సంచితో దిగాడు.

"ఏమనుకోకండి సార్, డ్యూటీ అండి," అన్నాడు.

నేనేమీ అనుకోలేదు. శిష్యుడి పనితనం గమనించాను. బత్తాయిలు బల్ల మీద పెట్టాడు. సాంబారు గిన్నె మూత తీసి చూసి, మాట్లాడకుండా మళ్ళీ పెట్టేశాడు. నేను నేర్పినదానికంటే ఆ మౌనం బాగా పనిచేసింది. తర్వాత వంగి, పక్క వార్డులో ఎవరికో తుంటి నొప్పని వస్తే కామెర్లు అంటుకున్నాయంట సార్ అని చెవిలో వేశాడు. నా పద్ధతి ఎంత గొప్పదో నాకు అప్పుడు తెలిసింది. మూడో మెట్టుకే నా కాళ్ళు మంచం కింద చెప్పుల కోసం వెతికాయి. ఆ కాలరు పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చి మళ్ళీ కాళ్ళు పైకి లాక్కున్నాను. రేపు చూద్దాంలే ఏసుపాదం అన్నాను. అతను నొచ్చుకోలేదు. నాలుగో మెట్టు చేతిలో ఉంది కదా.

మర్నాడు తెల్లారేసరికి వకుళ ఆఫీసు కారులో వచ్చేసింది. కట్టు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అసలేం జరిగిందో చెప్పమంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, రెండో పేజీతో సహా. అది చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేక గోడ వైపు తిరిగాను. నూర్జహాన్ మీద పెట్టిన ఆరోపణలు కూడా చెప్పాను. ఏసుపాదం గుమ్మంలో నిలబడి, అమ్మగారూ, కారు కిందనే ఉందండి, మధ్యాహ్నం భోజనానికి బయలుదేరిపోవచ్చండి అని నవ్వాడు.

వకుళ అతని వైపు తిరిగి, "ఇట్లా చాలామందిని ఇళ్ళకు చేర్చారా నాయనా?" అని అడిగింది.

"చాలామందినండి."

"వాళ్ళంతా బాగున్నారా?"

ఏసుపాదం నవ్వు ఆగిపోయింది. "అది మన పరిధిలోకి రాదండి," అన్నాడు.

 వకుళ స్టూలు మంచం దగ్గరకు లాక్కుని, సంచిలోంచి ఒక బత్తాయి తీసి ఒలవడం మొదలుపెట్టింది. ఈయన రారని, తను కూడా ఇక్కడే ఉంటానని చెప్పింది. ఆ పిల్ల ఈయన కాలరు పట్టుకోకపోతే తనివాళ ఇంకో పనికి రావలసి వచ్చేది అంది.  ఏసుపాదం కాసేపు నిలబడి, గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. వకుళ అతనికీ నాలుగు తొనలు పెట్టింది.

ఇక గట్టెక్కామనుకుంటుండగా సన్యాసినాయుడు వచ్చాడు. నా ముక్కు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముక్కుకి ఇన్నాళ్ళు మంచమేటండీ? పైనుంచి ఒకటే ఫోన్లు. నన్నేటి చెయ్యమంటారు, ఏదో జబ్బుండాలి కదా. ఎల్లిపోండి," అన్నాడు.

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఉన్న జబ్బు దాచడం నా వృత్తి గానీ, లేని జబ్బు తెచ్చుకోవడం నాకు రాదు. నర్సు పంపించేముందు చూడవలసినవి చూస్తోంది, నా జబ్బకు రక్తపోటు పట్టీ చుట్టింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ప్రభంజనరావు గారు.

"పాణి గారూ, ఏమిటిది? బాధ్యతగల అధికారి గడువు మీరి అనారోగ్యంగా ఉండుట క్రమశిక్షణా రాహిత్యం. మీరు తక్షణం కోలుకోవలసిందిగా ఇందుమూలముగా ఆదేశిస్తున్నాను. కోలుకోనిచో తదనంతర పరిణామాలకు మీ పెన్షనే బాధ్యత వహించును."

ఆయన ఇంకా చాలా అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఆ గొంతు వింటే నాకు అరచేతులు చెమర్చడం అలవాటు. నర్సు మీటరు చూసి డాక్టరును పిలిచింది. సన్యాసినాయుడు తను కూడా ఒకసారి చూసి, ఎవరండీ ఫోన్లో అని అడిగాడు. మా సంచాలకులన్నాను. అటు ఫోనులో ఆయనకు చిత్తమండీ, చిత్తమండీ అంటూనే.

"ఈ బీపీతో పంపిస్తే తోవలోనే ఉంటాది మీ పని. ఇయ్యేల కదిలేది లేదు," అని డిశ్చార్జి కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఈ మాట తెలియగానే ప్రభంజనరావు గారు మళ్ళీ ఫోను చేశారు. నా బీపీ తగ్గిందో లేదో కనుక్కోవడానికి గంటగంటకూ చేశారు. కనుక్కున్నప్పుడల్లా అది ఇంకాస్త పెరిగింది. దీపాలు పెట్టే వేళకు గడువు దాటిపోయింది. ప్రమాదం కాకుండా ఆపాలని మా సంచాలకులు ఆ మధ్యాహ్నమంతా పడిన శ్రమ లేకపోతే నేను ఇంటికి పోయి పెరుగన్నం తింటూ ఉండేవాణ్ణి.

ఆ విధంగా, చాలా ఏళ్ళకు మా రాష్ట్రంలో ఒక ప్రమాదం జరిగింది. మంత్రిగారు విచారం వ్యక్తం చేశారు. శకుంత వారి విమానాలన్నీ ఆపారు. దర్యాప్తుకు పరాంకుశం వరదాచార్యులు గారిని వేశారు. పెద్దాయన, రిటైరైన ఇంజనీరు, నుదుట తిరునామంతోనే విమానాల కింద దూరి ప్రతి చక్రమూ చూశారు. మిగతా విమానాల్లో కూడా ముందు చక్రం ఇరుసులు పగుళ్ళిచ్చి ఉన్నాయి. సోమవారం నూర్జహాన్ లైసెన్సు రద్దు కాలేదు. ఆమె ఫోను చేసి ఆ మాట చెప్పి, ఉంటాను సార్ అంది. నేను కట్టు విప్పుకున్నాక ఆఫీసుకు వెళ్ళేసరికి ఆచార్యులు గారు నా గదిలోనే కూర్చుని ఉన్నారు. నా స్టాంపు తీసి తన అరచేతి మీద వేసుకుని చదువుకున్నారు. ఇది వేసేటప్పుడు కాగితం చదివేవారా అని అడిగారు. పైన శీర్షిక చదివేవాణ్ణని చెప్పాను. ఆయన తలూపి, ఆ మాట రాసుకున్నారు.

నివేదిక వచ్చింది. పగుళ్ళ గురించి పెద్ద పుస్తకమంత ఉంది. ఆఖరి వాక్యం మాత్రం చిన్నది. "ఈ ప్రమాదమునకు మూలకారణము ప్రమాదమే."

ప్రభంజనరావు గారు దాన్ని చదివి ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యారు. ప్రమాదానికి కారణం ప్రమాదమేనట, అనగా సంస్థ కాదు, శాఖ కాదు, ఏ వ్యక్తీ కాదు, ఇంత నిష్పాక్షికమైన నివేదిక తన సర్వీసులో చూడలేదని సిబ్బంది సమావేశంలో చెప్పారు. అందరికీ పూతరేకులు పంచారు. ఆ వాక్యాన్ని పటం కట్టించి, పాత పటం పక్కన వరండాలో పెట్టించారు. నాకూ గుండెల మీంచి బరువు దిగింది. రెండు పూతరేకులూ ఒక నివేదికా పట్టుకుని ఇంటికి వెళ్ళాను.

వకుళ నివేదిక ఆఖరి పేజీ చదివింది. మళ్ళీ చదివింది. పూతరేకు ముట్టుకోలేదు.

"ఆచార్యులు గారు సంస్కృతం చదువుకున్నవారై ఉండాలి," అంది. "ఆ రోజు మీకు మూడో అర్థం చెప్పబోయాను, గుర్తుందా?"

"ఏమిటది?"

"ఏమరుపాటు. పట్టించుకోకపోవడం. ప్రమాదం అంటే అసలు అర్థం అదేనండీ. ప్రమాదో ధీమతామపి, తెలివైనవాళ్ళకూ పొరపాటు తప్పదని అంటారే, అందులో ఉన్నది ఆ ప్రమాదమే. ఇక్కడ మొదటి ప్రమాదం విమానానిది." రెండోది ఎవరిదో ఆమె చెప్పలేదు. నివేదిక మూసి నా చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళింది.

ఈ సంగతి ప్రభంజనరావు గారికి నేను చెప్పలేదు. ఆయన ఇప్పటికీ వచ్చిన పెద్దమనుషులందరినీ ఆ పటం ముందు నిలబెట్టి గట్టిగా చదివి వినిపిస్తారు. వాళ్ళు నవ్వుతారు, ఆయనా నవ్వుతారు. నా గదికి వెళ్ళాలంటే ఆ వరండాలోంచే వెళ్ళాలి. తల దించుకోకుండా, ఎటూ చూడకుండా, ముక్కుసూటిగా నడిచిపోదామని రోజూ అనుకుంటాను. కుదరదు. ముక్కు అతుక్కుంది గానీ కాస్త వంకరగా అతుక్కుంది. పటం ఉన్నది ఎడమ గోడ మీద, నా ముక్కు తిరిగింది ఎడమకే.